‘సెటిల్డ్’ అని ఉంటే సెటిల్ కాలేరు

మన దగ్గర ‘సెటిల్ అయ్యాడు’ అంటే ఉద్యోగం వచ్చిందని, ఇక పిల్లనివ్వచ్చని అర్థం. ఎవరు ఏ అప్పు ఎలా కట్టారో చిట్టా రాసే క్రెడిట్ బ్యూరో సిబిల్. దాని రిపోర్టులో అదే మాటకి అర్థం వేరు. బాకీ మొత్తం కట్టలేక, బ్యాంకు ఒప్పుకున్నంత కట్టి బయటపడ్డాడని. ఈ రెండో సెటిల్ ఉన్నవాళ్లకి మొదటి సెటిల్ కష్టమైపోతోంది. బ్యాంకు పోస్టులకి నోటిఫికేషన్ పడినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం కోచింగ్ సెంటర్లలో లేచే గొడవ ఇదే: పరీక్ష గట్టెక్కినా సిబిల్ దగ్గర ఆపేస్తారా?

సిబిల్ 2000లో పుట్టిందని, స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుందని అందరికీ తెలిసిందే. ఎక్కువమంది 2023 జులైని తిట్టుకుంటారు. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకి పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఆ నెలలో ఇచ్చిన క్లర్కు నోటిఫికేషన్‌లో, చేరే నాటికి స్కోరు కనీసం 650 ఉండాలని రాశారు. రిపోర్టులో మచ్చ ఉంటే బాకీ లేదని అప్పిచ్చినవాళ్ల దగ్గర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, లేకపోతే ఆఫర్ రద్దు కావచ్చు. కానీ ఎస్‌బీఐ నోటిఫికేషన్లలో ఇలాంటి షరతు అంతకుముందే ఉంది. నన్నడిగితే అసలు మలుపు 2023 కాదు, 2010. అదీ మన రాష్ట్రంలోనే.

ఆడవాళ్ల గ్రూపులకి ప్రైవేటు కంపెనీలు చిన్న అప్పులిచ్చిన మైక్రోఫైనాన్స్ రోజులు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చునేవారు. ఒక కంపెనీకి కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, దానికి కట్టడానికి మూడో కంపెనీ. ఆత్మహత్యల వార్తలు వరసగా రావడంతో 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఈ కంపెనీలకి కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇస్తూ, ఒకే మనిషికి రెండు కంపెనీలకు మించి అప్పు ఇవ్వకూడదంది. అది తెలియాలంటే ఎవరికెంత బాకీ ఉందో ఒకచోట రాసి ఉండాలి కదా. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన నిబంధనలతో మైక్రోఫైనాన్స్ కంపెనీలు క్రెడిట్ బ్యూరోలో సభ్యులుగా చేరక తప్పలేదు.

అంటే చిన్న అప్పుల చిట్టా మొదలుపెట్టింది అప్పు ఇచ్చేవాడి చెయ్యి పట్టుకోవడానికి. తీసుకున్నవాడి గుణం తేల్చడానికి కాదు. ఈ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

ఆ తర్వాత చిట్టా కిందికి పాకుతూ వచ్చింది. 2016 నుంచి డ్వాక్రా అప్పుల వివరాలు గ్రూపు పేరుతోనే కాక సభ్యురాలి పేరుతోనూ బ్యూరోలకి వెళ్లడం మొదలైంది. డిగ్రీ చదివి, అత్తగారి ఊళ్లో గ్రూపులో చేరి, ఖాళీ దొరికినప్పుడు క్లర్కు పరీక్షకి చదువుకునే కోడళ్లు ఈ రెండు జిల్లాల్లో తక్కువేం కాదు. ఇక 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలతో, ఫోన్‌లో యాప్ నుంచి తీసుకున్న అప్పు ఎంత చిన్నదైనా, ఎన్ని రోజులదైనా బ్యూరోకి చేరాల్సిందే. యాప్‌ల వేధింపులు ఆపడానికి పెట్టిన నిబంధనల్లోనే ఇదీ ఉంది. ఫోన్ కొనడానికి తీసుకున్న నాలుగు వేలూ ఇప్పుడు చరిత్రే.

మరి ఉద్యోగం ఇచ్చేవాళ్లకి ఈ చిట్టా చూసే హక్కు ఎక్కడిది? క్రెడిట్ బ్యూరోల మీద వచ్చిన 2005 చట్టం కింద రిపోర్టు ఎవరు తీసుకోవచ్చో నిబంధనల్లో ఉంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, ఫోన్ కంపెనీలు వగైరా. ఉద్యోగం ఇస్తున్నామన్న కారణంతో అడిగేవాళ్ల ప్రస్తావన అందులో లేదు. అయితే బ్యాంకు ఎలాగూ బ్యూరోలో సభ్యురాలే. మిగతావాళ్లు ‘మీ రిపోర్టు మీరే డౌన్‌లోడ్ చేసి పంపండి’ అంటారు. ఉద్యోగం కావాల్సినవాడు పంపను అంటాడా?

బ్యాంకుల వాదన సూటిగానే ఉంది: జనం సొమ్ము ముట్టుకునే మనిషి సొంత లెక్క సరిగ్గా ఉండాలి. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు కూడా దీన్నే సమర్థించింది. ఆ కేసులో అభ్యర్థి 2020 నోటిఫికేషన్‌తో ఎస్‌బీఐ ఆఫీసరుగా ఎంపికయ్యాడు. సిబిల్ రిపోర్టు కారణంగా 2021లో నియామకం రద్దయింది. నోటిఫికేషన్ నాటికే నా అప్పులన్నీ తీరిపోయాయి కదా అన్నాడు. షరతు చదివే దరఖాస్తు చేశావు, ఎగవేత రికార్డు ఉండకూడదని అందులో ఉంది కదా అంది కోర్టు.

తీరిన అప్పు కూడా ఎందుకు వెంటాడుతుందో మొన్న శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో కళ్లారా చూశాను. కవిటి వైపు కుర్రాడు, ఇంజినీరింగ్ అయింది, చదువుకి తీసుకున్న అప్పు కట్టేశాడు. రిపోర్టు ప్రింటు తీయించుకున్నాడు. అప్పు కింద నెలకో గడి, గడిలో మూడంకెలు. 000 అంటే టైముకి కట్టినట్టు. మధ్యలో వరసగా 030, 061, 091. ఆలస్యమైన రోజులవి. ఆ మూడు గడుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, “నాన్నకి డయాలసిస్ మొదలెట్టింది అప్పుడే సార్” అన్నాడు. కిడ్నీ జబ్బులు పట్టి పీడించే ఉద్దానం పిల్లాడు కాబట్టి అంతకంటే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మళ్లీ 000, 000, 000. డయాలసిస్ అని రాసే గడి మాత్రం రిపోర్టులో లేదు.

చదువు అప్పులో మెలికే అది. కోర్సు అయ్యాక సాధారణంగా ఏడాది గడువిస్తారు, వడ్డీ మాత్రం ఆగదు. ఆలోగా ఉద్యోగం రాకపోతే వాయిదా తప్పుతుంది, వాయిదా తప్పితే ఉద్యోగానికే అడ్డం పడుతుంది. తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెట్టి ఉంటాడు కాబట్టి ఆయన రిపోర్టులోనూ అదే మచ్చ. చరిత్రని బ్యూరోలు కనీసం ఏడేళ్లు ఉంచాలి. ఏడేళ్లంటే పాతికేళ్ల కుర్రాడికి వయోపరిమితి దాటిపోయేంత.

తప్పు పడితే దిద్దించుకునే దారి లేకపోలేదు. 2017 నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. చేరే తేదీ దగ్గరపడ్డవాడికి కావాల్సింది ఆ వంద కాదు, ఎన్‌ఓసీ.

దాని కోసం ముందు బ్రాంచి వెతుక్కోవాలి. శ్రీకాకుళం కేంద్రంగా నడిచిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. ఇక్కడి దాని శాఖలు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. జిల్లాకి లీడ్ బ్యాంకుగా ఉన్న ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకు అయిపోయింది. అప్పు పత్రం మీద ఒక పేరు, రిపోర్టులో ఇంకో పేరు. కౌంటర్‌లో కూర్చున్న కొత్త ఉద్యోగికి పాత అకౌంటు నంబరు చెప్తే, “కొత్త నంబరు ఉందా?” అని అడుగుతాడు.