బ్లాకు కషాయానికి ఎందుకు కరగదు? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. రెండేళ్ళ కిందట స్టెంట్ వేయించుకున్న మనిషి. ఈసారి ఇంకో నాళంలో గుండెపోటు. మాత్రల సంగతి అడిగితే కొడుకు తల దించుకున్నాడు. కోడలు చెప్పింది: "లివర్ పాడవుతాదని ఎవరో అన్నారు సార్. కొలెస్ట్రాల్ మాత్ర ఆపేసి, ఎనిమిది నెల్ల నుంచి వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె కషాయం తాగిస్తా ఉండాము. బ్లాకులన్నీ కరిగిపోతాయని ఫోన్లో వచ్చింది." రోజూ తెల్లవారుజామున లేచి, సగానికి మరిగేదాకా పొయ్యి దగ్గరే నిలబడేదట. ఆమెను ఏమనగలను? నా కోపమంతా ఆ మెసేజ్‌లు తిప్పేవాళ్ళ మీదే.

కర్నూలులో నేను రోజూ వినే అపోహ ఇదే. రక్తనాళం పైపు లాంటిది, లోపల కొవ్వు జిడ్డులా పేరుకుంటుంది, ఏదైనా పుల్లటిది తాగితే కడుక్కుపోతుంది అని.

కొవ్వు పేరుకునేది రక్తం పారే దారిలో కాదు, నాళం గోడ లోపల. పైన ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర ఉంటుంది. దాని కింద ఇంటిమా పొరలో ప్రోటియోగ్లైకాన్లు ఉంటాయి. బైగ్లైకాన్, వెర్సికాన్ అలాంటివే. ఒక ప్రోటీన్ కాడ, దానికి వేలాడే చక్కెర గొలుసులు. ఆ గొలుసుల నిండా నెగెటివ్ చార్జ్. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటాం) కణం మీదుండే అపోబీ ప్రోటీన్‌కు కొన్నిచోట్ల పాజిటివ్ చార్జ్. రెండూ పట్టుకుంటాయి.

పత్తి సీజన్‌లో ఆదోని రోడ్డు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మార్కెట్ యార్డుకు పోయే బండ్ల నుంచి ఎగిరిన దూది రోడ్డు పక్కన కంపచెట్లకు చిక్కుకొని తెల్లగా కనిపిస్తుంది. ఒక వాన పడినా ఆ దూది ముళ్ళను వదలదు. గోడలో చిక్కిన ఎల్‌డీఎల్ కూడా అంతే. అక్కడే చెడిపోతుంది, దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి, వాపు మొదలవుతుంది, బ్లాకు పుడుతుంది.

ఇది నా ఊహ కాదు. 1995లో విలియమ్స్, టాబాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చిక్కుకోవడమే అసలు మొదలని వాదించారు. 2002లో ఇంకో బృందం ఎలుకల మీద తేల్చింది కూడా. ఎల్‌డీఎల్‌లో ప్రోటియోగ్లైకాన్‌కు అంటుకునే చోటును మార్చేశారు. రక్తంలో కొలెస్ట్రాల్ అంతే ఉన్నా, ఆ ఎలుకల నాళాల్లో జబ్బు బాగా తగ్గింది.

"అయితే ఆ కంపనే, అంటే ఆ ప్రోటియోగ్లైకాన్లనే, కొట్టేసే మందు లేదా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ అదే కంప గోడకు బలం కూడా. బైగ్లైకాన్ జన్యువులో లోపమున్న మగవాళ్ళలో బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) చిన్నవయసులోనే ఉబ్బి చీలిపోవచ్చు. అందుకే మన చేతిలో ఉన్న పని దూది బండ్లు తగ్గించడం, అంటే ఎల్‌డీఎల్ తగ్గించడం. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర చేసేది అదే. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని చూస్తాం. రిపోర్టులో 55 వచ్చిందని మాత్ర ఆపితే బండ్లు మళ్ళీ బయల్దేరతాయి. కంప అక్కడే ఉంది కదా!

స్టెంట్ వేశాక జబ్బు పోయినట్టేనా? కాదు. స్టెంట్ ఆ ఒక్కచోట గోడను వెనక్కి నెట్టి దారి తెరుస్తుంది, అంతే. సన్నగా ఉన్నవాళ్ళకు కొలెస్ట్రాల్ రాదన్నది కూడా తప్పే. ముప్పై శాతం బ్లాకుకు భయం లేదంటారు, అదీ నమ్మొద్దు. చిన్నది పగిలినా గడ్డ కట్టి నాళం మూసుకుపోవచ్చు.

వెల్లుల్లి తినొద్దని నేను చెప్పను, మా ఇంట్లో కారం కూడా వెల్లుల్లి లేకుండా నూరరు. మాత్ర మానకండి, అదే నా బాధ. మా నాన్న కూడా కాళ్ళ నొప్పులని స్టాటిన్ దాచేసేవాడు, దిండు కవర్లో దొరికాయి మాత్రలు. తిట్టకుండా మోతాదు తగ్గించి, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర జతచేస్తే నొప్పి తగ్గింది, అంకె కూడా దిగింది. మీకూ నొప్పులొస్తే, లివర్ అనే భయముంటే, టెన్షన్ పడి సొంతంగా ఆపకుండా వాడుతున్న స్ట్రిప్పులన్నీ పట్టుకొని రండి. ఖాళీవైనా పర్వాలేదు.