హెచ్చరికకూ పాఠానికీ మధ్య

"మీరు ఇప్పుడు చదవబోయే భాగంలో కలవరపరిచే అంశాలు ఉన్నాయి, అవి ఆందోళనను రేకెత్తించవచ్చు, ముఖ్యంగా గతంలో మానసిక గాయానికి లోనైనవారిలో." కంప్యూటర్ తెర మీద ముందు ఈ మాటలు కనిపిస్తాయి. చదివేవారిని ముందే అప్రమత్తం చేసే ఇలాంటి హెచ్చరికను ఇంగ్లీషులో ట్రిగ్గర్ వార్నింగ్ అంటారు. ఆ తర్వాత పేరున్న సాహిత్యంలోంచి తీసిన ఒక హింసాత్మక దృశ్యం వస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్జమిన్ బెలెట్, పేటన్ జోన్స్, రిచర్డ్ మెక్‌నలీ 2018లో ప్రచురించిన ప్రయోగంలో 270 మంది ఇలాంటి భాగాలను చదివారు. కొందరికి హెచ్చరికను చూపించారు, మిగిలినవారికి చూపించలేదు. చదవవలసిన పుటలు మాత్రం అందరికీ ఒక్కటే. మాటలే మనిషికి హాని చేయగలవని గట్టిగా నమ్మేవారిలో, హెచ్చరిక చూశాక ఆందోళన తగ్గకపోగా పెరిగింది. ఇదే బృందం తర్వాత కళాశాల విద్యార్థులతో ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు మొదటిసారి ఫలితాలు అంత గట్టిగా నిలవలేదు. అయినా, హెచ్చరిక మేలు చేసిందనడానికి రెండోసారి కూడా ఆధారం దొరకలేదు.

ట్రిగ్గర్ అంటే తుపాకీ మీట. యుద్ధం, అత్యాచారం, ప్రమాదం వంటి ఘోరాన్ని అనుభవించినవారిలో, ఆ జ్ఞాపకాన్ని ఉన్నట్టుండి పైకి లాగే శబ్దాన్నో దృశ్యాన్నో మానసిక వైద్యులు ఈ పేరుతో పిలుస్తున్నారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల బాధకు ఒక పేరు కావాలన్న ఒత్తిడి బలపడిన తర్వాత, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగ నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో, ఘోరమైన అనుభవం తర్వాత మనిషిని వెంటాడే పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మతను చేర్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంటర్నెట్ వచ్చింది. లైంగిక హింసకు గురైన స్త్రీలు తమ అనుభవాలను రాసుకునే చోట్ల, చదివేవారి సౌకర్యం కోసం పైన ఒక హెచ్చరిక ముక్క రాసి పెట్టడం ఆనవాయితీ అయింది. ఒకరి పట్ల ఒకరు చూపుకొనే ఈ మర్యాద తరగతి గది గుమ్మం దాకా వచ్చేసరికి నిబంధనగా మారాలన్న డిమాండు పుట్టింది. 2014 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో విద్యార్థి సంఘం ఇలాంటి హెచ్చరికలను తప్పనిసరి చేయాలని తీర్మానించింది. అదే కాలంలో ఒహాయోలోని ఓబర్లిన్ కళాశాల అధ్యాపకులకు ఇచ్చిన సూచనల్లో వలస పాలన గురించిన ఒక ప్రసిద్ధ ఆఫ్రికన్ నవలను ఉదాహరణగా చూపింది. అధ్యాపకులు అభ్యంతరం చెప్పడంతో ఆ సూచనలను పక్కన పెట్టారు.

ఆ ఏడాదే అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం, విద్యార్థులను సవాలు చేయడానికి బదులు కాపాడాలనుకోవడం వారిని పసిపిల్లలుగా చూడటమేనని ప్రకటించింది. 2016లో షికాగో విశ్వవిద్యాలయం కొత్తగా చేరే విద్యార్థులకు పంపిన లేఖలో ఇలాంటి హెచ్చరికలను తాము సమర్థించబోమని రాసింది. 2023లో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి సభ హెచ్చరికలు తప్పనిసరి చేయాలని కోరితే, విశ్వవిద్యాలయ అప్పటి అధ్యక్షురాలు మార్తా పోలాక్ తిరస్కరించారు. ఈ పోట్లాటల వార్తలు చదివేవారికి కళాశాలలన్నీ రెండు శిబిరాలుగా చీలిపోయాయని అనిపిస్తుంది. తరగతి గదుల్లో వాస్తవం ఇంత నాటకీయంగా ఏమీ లేదు. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ 2016లో 800 మందికి పైగా అధ్యాపకులను ఆరా తీస్తే, దాదాపు సగం మంది ఏదో ఒక సందర్భంలో ఇలాంటి హెచ్చరిక ఇచ్చినట్టు చెప్పారు. వారిలో ఎక్కువమంది ఎవరూ అడగకుండానే, తమంతట తామే ఇచ్చారు.

హెచ్చరికలను సమర్థించేవారి వాదాన్ని దాని బలమైన రూపంలోనే చూడాలి. కార్నెల్‌లో తత్త్వశాస్త్రం బోధించే కేట్ మాన్ 2015లో రాసిన వ్యాసంలో, కష్టమైన పాఠం నుంచి విద్యార్థిని తప్పించడం తన ఉద్దేశం కాదన్నారు. ముందుగా తెలిస్తే, మనసు కుదుటపరచుకుని ఆ పాఠాన్ని వినగలుగుతారన్నదే ఆమె వాదం. తనపై దాడి జరిగి ఏడాది తిరగని విద్యార్థిని శిక్షాస్మృతి తరగతిలో కూర్చుని ఉంది, ఆచార్యుడు ఏ సూచనా లేకుండా అత్యాచార కేసు వివరాల్లోకి దిగాడు అనుకుందాం. ఆ గంటలో ఆమె నేర్చుకునే చట్టం ఎంత? పాఠం అర్థం కావాలంటే మెదడుకు కొంత తీరిక కావాలి. భయం మొదట కాజేసేది ఆ తీరికనే. ఈ మాటకు ఎదురుగా హార్వర్డ్ న్యాయ ఆచార్యురాలు జీనీ సుక్ 2014లో మరో సంగతి రాశారు: అత్యాచార చట్టం బోధిస్తే ఎక్కడ ఏ గొడవ వస్తుందోనన్న భయంతో, కొత్తగా చేరిన అధ్యాపకులు కొందరు ఆ అధ్యాయాన్నే వదిలేస్తున్నారు. ఆ అధ్యాయం పాఠ్యాంశంగా నిలబడటానికి స్త్రీవాదులు ఏళ్ల తరబడి కృషి చేయవలసి వచ్చిందన్నది గుర్తుంచుకుంటే, ఈ వదిలేయడంలోని విడ్డూరం తెలుస్తుంది.

ఇక్కడ ఇరుపక్షాలూ విద్యార్థి మనసులో ఏం జరుగుతుందో చెబుతున్నాయి. అది కొలవదగిన విషయం.

కొలిచే ముందు, గాయపడ్డ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. ప్రమాదం జరిగిన క్షణంలో మెదడు ముఖ్యమైనదాన్నీ కానిదాన్నీ ఏరి చూడదు. చుట్టూ ఉన్న వాసన, వెలుతురు తీరు, ఎవరో వేసుకున్న చొక్కా రంగు, పక్క గదిలో మోగుతున్న పాట, అన్నింటినీ ప్రమాదంతో కలిపి ముడి వేస్తుంది. అందుకే దాడికి గురైన మనిషిని దాడి గురించిన వ్యాసం ఏమీ చేయకపోవచ్చు, లిఫ్టులో ఎవరో పూసుకున్న అత్తరు మాత్రం కుదిపివేయవచ్చు. పాఠ్య ప్రణాళికలో ఏ అధ్యాపకుడు ఆ అత్తరు గురించి హెచ్చరించగలడు? ఇక రెండో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. జ్ఞాపకాన్ని తట్టే ప్రతిదానికీ దూరంగా మసలడం పీటీఎస్‌డీ లక్షణాల్లో ఒకటి, అంతేగాక ఆ రుగ్మతను బతికించి ఉంచే ఇంధనం కూడా. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట, తప్పించుకోవడమే సరైనదని మెదడుకు నేర్పుతుంది. మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన చికిత్స దీనికి సరిగ్గా ఎదురుదారిలో నడుస్తుంది: సురక్షితమైన గదిలో, శిక్షణ పొందిన చికిత్సకుల సమక్షంలో, రోగి ఆ జ్ఞాపకాన్ని పదే పదే తడుముతూ, జ్ఞాపకం వేరు, ప్రమాదం వేరు అని నెమ్మదిగా నేర్చుకుంటాడు. దీన్ని పట్టుకుని "భయపడేదాన్ని చదివిస్తే అదే చికిత్స" అనేవారూ ఉన్నారు. అది తొందరపాటు. చికిత్సలో మోతాదు ఉంటుంది, రోగి సమ్మతి ఉంటుంది, కన్నీరు వస్తే ఆగే వీలుంటుంది. నలభై మంది మధ్య, మార్కుల కోసం, గంట కొట్టేదాకా కూర్చునే తరగతిలో అవేవీ లేవు.

ఇక కొలతలు. న్యూజిలాండ్‌కు చెందిన పరిశోధకులు 2019లో ఆరు ప్రయోగాల్లో 1,394 మందిని పరీక్షించి, హెచ్చరిక వల్ల కలిగే తేడా పట్టించుకోనవసరం లేనంత చిన్నదని తేల్చారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా బ్రిడ్జ్‌లాండ్ బృందం 1,600 మందికి, మంచిగానూ చెడుగానూ అర్థం చెప్పుకోదగిన ఫొటోలను చూపింది. హెచ్చరిక అందుకున్నవారికి ఫొటోలు తెర మీదికి రాకముందే మనసు బరువెక్కింది. వచ్చాక మాత్రం అందరూ వాటిని ఇంచుమించు ఒకేలా చూశారు. ఇవన్నీ గాయపడ్డవారిని ప్రత్యేకించి ఎంచుకోకుండా చేసినవి, నిజంగా గాయపడ్డవారి సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి హార్వర్డ్ బృందం 2020లో జవాబు వెతికింది. మానసిక గాయానికి గురైన 451 మందిని పరీక్షిస్తే, వారికీ హెచ్చరిక సాయపడినట్టు కనిపించలేదు. పైగా, ఆ గాయమే తమ జీవితానికి కేంద్రమన్న భావనను అది కొంత పెంచింది. 2023లో 12 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడు చిత్రం ఇంకా స్పష్టమైంది. పాఠ్యభాగం చూశాక కలిగే బాధను హెచ్చరిక తగ్గించదు, పెంచదు. చదివినది అర్థం కావడంలోనూ తేడా తేదు. ఖాయంగా పెంచేది ఒక్కటే, చదవబోయే ముందు కలిగే బెంగ.

ఈ బెంగ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే, యూనివర్సిటీ కాలేజ్ లండన్ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు గుర్తొస్తుంది. అది హెచ్చరికల గురించి చేసినది కాదు. 45 మంది కంప్యూటర్ ఆటలో ఒక్కో రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి; పాము బయటపడితే చేతికి నొప్పి పుట్టించే విద్యుత్ షాకు తగులుతుంది. శాస్త్రవేత్తలు వారి చెమటనూ కంటిపాప వెడల్పునూ కొలుస్తూ పోయారు. షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి పతాక స్థాయికి చేరింది. తాడును చూసి పామనుకునే భ్రాంతి మన తత్త్వవేత్తలకు ఎప్పటి నుంచో తెలుసు. తాడో పామో తేలని ఆ మధ్య క్షణమే రెంటికంటే భయంకరమైనదని ఈ కొలతలు చెప్పాయి. "ఇందులో కలవరపరిచే అంశాలు ఉండవచ్చు" అనే హెచ్చరిక చేసే పని ఇదేనని నా అనుమానం. అది రాయిని చూపిస్తుంది గానీ పామును చూపించదు. ఏ పుటలో, ఏ రకమైన ఘోరం, ఎంత వివరంగా ఉందో చెప్పదు. వచ్చినప్పుడు ఏం చేయాలో అసలే చెప్పదు. హెచ్చరికను తలచుకున్నంత మాత్రాన మనుషులు దేనికీ సన్నద్ధులు కావడం లేదని ఫ్లిండర్స్ పరిశోధకులు 2022లో చూపించారు కూడా.

అయితే వ్యతిరేకుల జోస్యమూ ఫలించలేదు. హెచ్చరిక ఇస్తే విద్యార్థులు పాఠాలు ఎగ్గొట్టి పారిపోతారన్నది వారి ప్రధాన భయం. అమెరికాలో నాలుగు విద్యాసంస్థలకు చెందిన 355 మంది విద్యార్థులతో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, శారీరక, లైంగిక హింసను వర్ణించే ఒక సాహిత్య భాగాన్ని ఇచ్చి, వద్దనుకుంటే చదవడానికి మరో మామూలు భాగాన్నీ పక్కన ఉంచారు. 96 శాతానికి పైగా విద్యార్థులు ఆ హింసాత్మక భాగాన్నే చదివారు. పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువగా ఉన్నవారు చదివేటప్పుడు మిగతావారి కంటే ఎక్కువ బాధపడ్డారు. రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే, వారిలో ఆ లక్షణాలు పెరిగిన జాడ లేదు. వాదంలో ఇరుపక్షాలూ విద్యార్థిని ఎంత పెళుసుగా ఊహించుకున్నాయో ఈ ఒక్క అధ్యయనం చాలు చెప్పడానికి.

ఈ ప్రయోగాలకు హద్దులు లేకపోలేదు. వీటిలో చాలావాటిలో పాల్గొన్నవారు ఇంటర్నెట్‌లో కొద్ది నిమిషాలు వెచ్చించిన స్వచ్ఛంద పాఠకులు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తెర మూసేసి వెళ్లిపోగలరు. హాజరు లెక్కపెట్టే తరగతిలో, పేరు పెట్టి ప్రశ్న అడిగే ఆచార్యుడి ముందు కూర్చున్న విద్యార్థికి ఆ వెసులుబాటు ఉండదు. పైగా సగటు లెక్కల్లో, తీవ్రమైన రుగ్మతతో ఉన్న ఆ ఒకరిద్దరి సంగతి మునిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో అనేక దేశాల్లో జరిగిన సర్వేల ప్రకారం దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఘోరమైన అనుభవానికి లోనవుతారు, పీటీఎస్‌డీ బారిన పడేవారు మాత్రం 4 శాతం లోపే. తరగతికంతటికీ ఒకే హెచ్చరిక రాసినప్పుడు అది ఎక్కువగా చేరేది ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్నవారిని, అంటే గాయాన్ని ఎలాగో మోసుకుని ముందుకు నడిచినవారిని. ఆ 4 శాతంలోని మనిషికి కావలసినవి వేరు: మంచి చికిత్స, అధ్యాపకుడితో ఏకాంతంగా మాట్లాడే వీలు, అవసరమైతే ఒక వారం గడువు.

హెచ్చరిక మందు కాదని పరీక్షల్లో తేలింది కాబట్టి దాన్ని పాఠ్య ప్రణాళికలోంచి చెరిపేయాలని నేను అనను. సినిమాకు వెళ్లేవారు అది ఏ రకం సినిమానో కనుక్కుని వెళ్లడం ఎవరికీ తప్పుగా తోచదు. తాము చదవబోయేది ఏమిటో తెలుసుకోవాలనుకోవడం కూడా అంతే మామూలు సంగతి. దానికి రోగలక్షణాల భాష అవసరం లేదు. "ఆందోళన కలగవచ్చు" అని పాఠకుడి మనసు గురించి జోస్యం చెప్పడం మాని, పుస్తకం గురించి చెబితే సరిపోతుంది. ఉదాహరణకు ఒక అధ్యాపకురాలు సెమిస్టరు మొదటి రోజున ఇచ్చే కాగితంలో ఇలా రాయవచ్చు: "ఆరో వారం చదివే నవలలో 112 నుంచి 118 వరకు పుటల్లో ఒక అత్యాచారం వర్ణన ఉంది, బాధితురాలి మాటల్లోనే. ఆ మంగళవారం తరగతిలో దాన్ని పైకి చదవం. చట్టం ఆమె మాటను ఎందుకు నమ్మలేదన్నదే చర్చ. ఎవరికైనా ఆ వారం కష్టమనిపిస్తే, కారణం చెప్పనవసరం లేకుండా, సోమవారం లోపు నాకు ఒక మాట చెప్పండి."