సౌత్ కరోలినా పాత వరిమళ్ళు: అపోహలు – వాస్తవాలు

అమెరికా ఆగ్నేయ తీరంలో పాత ప్లాంటేషన్ల (బానిసలతో సాగు చేయించిన పెద్ద ఎస్టేట్ల) ఆనవాళ్ళను సర్వే చేయడం నా పని. తరచూ వినిపించే మాటలకు నా జవాబులివి.

అపోహ: సౌత్ కరోలినా తీరపు నదుల పక్కనున్నదంతా సహజమైన చిత్తడి నేల.

వాస్తవం: శాటిలైట్ మ్యాపులో చార్లెస్టన్ నగరానికి ఎగువన కూపర్ నదిని చూడండి. రెల్లు మధ్య స్కేలుతో గీసినట్టు తిన్నని గీతలు, నలుపలకల మళ్ళు కనిపిస్తాయి. సైప్రస్ అడవి నరికి, మొద్దులు పెకిలించి, బురదను పారలతో ఎత్తి పోసిన గట్లవి. ఆ నది తూర్పు పాయలో పన్నెండున్నర మైళ్ళ మేరలోనే 1800 నాటికి 55 మైళ్ళకు పైగా గట్లుండేవి. పోసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు, వాళ్ళ సంతానం. పాములు, మలేరియా మధ్య.

అపోహ: తెలివి యజమానులది, ఒళ్ళు వంచింది బానిసలు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. చాలామంది యజమానుల పూర్వీకులు వచ్చిన ఇంగ్లండులో వరే పండేది కాదు. పశ్చిమాఫ్రికా తీరంలోనేమో మడ అడవుల్లో గట్లు కట్టి తరతరాలుగా వరి పండించారు. ఏ మెళకువ ఎక్కడిదన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. తూము నడిపిన చేతులు ఎవరివన్నదానిపై మాత్రం వాదం లేదు.

ఆ తూము చూడాలి! గట్టు అడుగున పొడవాటి చెక్కపెట్టె, రెండు చివరలా వేలాడే తలుపులు. సముద్రపు పోటుకు నది పొంగినప్పుడు బయటి తలుపు ఎత్తితే, నీటి తోపుడుకు లోపలిది దానంతటదే తెరుచుకుంటుంది. పాటు మొదలై నది తగ్గగానే మడిలోని నీరే దాన్ని మూసేస్తుంది. మడిలోని నీరు తీయాలంటే పాటు వేళ బయటి తలుపు దించి, లోపలిది ఎత్తితే చాలు. సముద్రం నుంచి ఎగదన్నే ఉప్పునీరు లోపలికి రాకుండా కనిపెట్టుకుని ఉండాలి, వస్తే పైరు మాడిపోతుంది. తొలినాళ్ళలో ఈ తూములు తొలిచిన సైప్రస్ దుంగలే.

అపోహ: బానిసత్వం రద్దుతోనే సాగు ఆగింది.

వాస్తవం: కుంటుతూ ఇంకో నలభై ఏళ్ళ పైనే సాగింది. లూసియానా వైపు యంత్రాలతో పండిన వరి పోటీకొచ్చింది. ఈ బురద ఆ యంత్రాలను మోయలేదు. 1893, 1911 తుఫానులు గట్లు తెంచేశాయి.

అపోహ: ప్లాంటేషన్‌లో చూడాల్సింది యజమాని బంగళానే.

వాస్తవం: అట్లాంటా, షార్లెట్ల నుంచి వెళ్ళే మనవాళ్ళూ బంగళా ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. దాన్ని కట్టిన డబ్బు ఈ మళ్ళలో పండిందే. సవానా వన్యప్రాణి అభయారణ్యంలో పాత వరిగట్ల మీదే నడవొచ్చు. బాతుల కోసం అక్కడ నీరు పెట్టేది ఆ పాత మళ్ళకే. ముందు అక్కడికి వెళ్ళండి, బంగళా సంగతి తర్వాత.