పైమట్టి చూసి ప్లాటు కొనకండి: పాలమూరు, నల్లగొండ నేలల మీద అపోహలు – వాస్తవాలు

అపోహ: మన దగ్గర అంతా ఎర్ర నేలే, పునాదికి మూడడుగులు చాలు.

ఎర్రగా కనిపించేది పైపొర మాత్రమే. ఈ జిల్లాల్లో చాలాచోట్ల అడుగున ఉన్నది గ్రానైట్, దాన్ని పోలిన నైస్ (gneiss) అనే చారల రాయి. అది చివికి మొరమైంది, మొరం మీద చెల్క (ఇసుక కలిసిన ఎర్ర) మట్టి పడింది. గుట్ట పక్కన రెండడుగులకే బండ తగులుతుంది. అదే చేనులో కుంట వైపు పల్లానికి దిగితే ఆరేడు అడుగుల దాకా మెత్తటి ఒండ్రే ఉండొచ్చు. గద్వాల, అలంపూర్, మక్తల్ వైపు పోతే నల్లరేగడి.

వెంచర్లలో ఇంకో తంతు. పూడ్చిన బావి మీదనో, రేగడి మీదనో రెండడుగుల మొరం పోసి రోలర్ తిప్పితే ప్లాటంతా ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంది. బయానా ఇచ్చే ముందే యజమానిని అడిగి, ఎదురెదురు మూలల్లో జేసీబీతో ఆరేడు అడుగుల గుంతలు రెండు తీయించండి. గోడ విరిగి పడొచ్చు కాబట్టి లోపలికి దిగొద్దు, పైనుంచే చూడండి. పోసిన మట్టైతే పొరల మధ్య గీత గీసినట్టు తేడా ఉంటుంది, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు బయటపడతాయి. సహజంగా ఉన్న నేలైతే రంగు మెల్లగా మారుతూ పోతుంది, లోతుకు పోయేకొద్దీ బకెట్ పళ్లు గీరుకుంటాయి. గ్రామ నక్షలో ఆ సర్వే నంబరు శిఖం (చెరువు ముంపు భూమి) కిందికి వస్తుందేమో కూడా చూసుకోవాలి. గుంత తీసిన ఖర్చు రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

అపోహ: రేగడిలో ఇనుము ఎక్కువేస్తే గోడలు బీటలు వారవు.

రేగడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు వేస్తుంది. ఇంటి కింద మట్టి పొడిగా ఉండి, చుట్టూ వాన నీళ్లు ఇంకితే మూలలు పైకి లేస్తాయి. అందుకే బీట కిటికీ మూల నుంచి ఏటవాలుగా నడుస్తుంది. బరువు తక్కువున్న ఒంటి అంతస్తు ఇళ్లు, ప్రహరీ గోడలే ముందు దెబ్బతింటాయి.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. ఎండబెట్టి, నూరి, సన్న జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేయండి. ఒకదాంట్లో 100 మి.లీ. నీళ్లు, ఇంకోదాంట్లో అంతే కిరోసిన్ పోసి, కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి 10 మి.లీ. దగ్గర, నీళ్లలో 16 దగ్గర నిలిస్తే ఉబ్బు 60 శాతం. 50 దాటిందంటే మామూలు ఫుటింగ్ నమ్మొద్దు, ల్యాబ్ పరీక్ష చేయించి ఇంజినీరును కలవండి. రేగడి నాలుగైదడుగులే అయితే తీసేసి మొరం మీద పునాది వేయొచ్చు. లోతుగా ఉంటే అడుగున ఉబ్బెత్తు బుడగ ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు. సాధారణంగా 3.5 మీటర్ల లోతు, పైన బీము కింద మూడంగుళాల ఖాళీ.

తవ్విన రేగడినే బేస్‌మెంట్‌లో నింపేస్తారు చూడండి, అది అన్నిటికన్నా పెద్ద తప్పు. రెండేళ్లకు ఫ్లోరింగ్ టైల్స్ లేస్తాయి. మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి.

అపోహ: చెరువు పూడిక మట్టి ఏ నేలకైనా బంగారమే.

చెల్క, దుబ్బ నేలలకు నిజంగా మేలే, నీళ్లు పట్టి ఉంచుతుంది. రేగడి చేనుకు తోలితే ట్రాక్టర్ కిరాయి దండగ. చౌడు నేలల నుంచి నీళ్లొచ్చే కుంట పూడికలో ఉప్పు ఉంటుంది, ముందే పరీక్ష చేయించాలి. కుండీల్లో ఉత్త పూడిక నింపితే ఎండి ఇటుకవుతుంది. రెండు పాళ్లు చెల్క, ఒక పాలు పూడిక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు సరిపోతాయి.

అపోహ: చౌడుకు మందు జిప్సం.

కారు చౌడుకు (సోడియం పేరుకున్న క్షార నేలకు) మాత్రమే. తెల్లగా ఉప్పు పేరిన పాల చౌడుకు కావాల్సింది మంచి నీళ్లు పెట్టి ఉప్పును కడిగేయడం, మురుగు పోయే కాల్వ.

అపోహ: ఎక్కడో ఒకచోట గుప్పెడు మట్టి తీసి ఇస్తే పరీక్ష అయినట్టే.

ఎకరానికి ఎనిమిది, పదిచోట్ల చెత్త తీసేసి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత తవ్వి, అంచు నుంచి మట్టి గీకాలి. కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడ వదిలేయండి. బత్తాయి పెట్టేవాళ్లకు ఇది చాలదు. ఐదడుగుల దాకా అడుగుకో నమూనా తీసి సున్నం శాతం చూపించండి. పైన ఎర్రగా ఉండి మూడడుగుల కింద సుద్ద తగిలిన తోటలో లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. యూరియాతో పోదు.