డబ్బున్న గాయకులు, లేమి పాటలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాటల హక్కుల ఒప్పందాలు చదివి రచయితలకూ స్వరకర్తలకూ సలహా చెప్పడం నా వృత్తి. కోట్లు గడించిన పాత తరం రాక్ గాయకులు అసమానతల గురించి పాడినప్పుడల్లా వచ్చే విమర్శల్లో చాలావాటిని ఈ వృత్తి వైపు నుంచి చూస్తే అవి నిలబడవు. నిలబడే ప్రశ్నలను మాత్రం తరచుగా ఎవరూ అడగరు.

అపోహ: పేదరికాన్ని స్వయంగా అనుభవించనివారికి దాని గురించి పాడే అర్హత లేదు.

వాస్తవం: అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1949లో న్యూజెర్సీలో, ఫ్యాక్టరీ పనీ బస్సు డ్రైవరు పనీ ఇలా ఉద్యోగాలు మారుతూ బతికిన తండ్రికి పుట్టారు. అయినా తాను ఏనాడూ ఫ్యాక్టరీలో పనిచేయలేదనీ, రాసిందంతా దాని గురించేననీ 2017లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో మొదలైన తన ప్రదర్శనలో ఆయనే ప్రేక్షకులకు చెప్పారు. 1995లో ‘ద ఘోస్ట్ ఆఫ్ టామ్ జోడ్’ ఆల్బమ్ తెచ్చేనాటికి ఆయన చాలా ధనవంతుడు. అందులోని మనుషులేమో మెక్సికో సరిహద్దు దాటి వచ్చిన వలస కూలీలు, ఇళ్లు లేనివారు. వారి జీవితం తనది కాదు కనుకనే ఆయన పత్రికా కథనాలనూ పుస్తకాలనూ చదివి ఆ పాటలు రాశారు, ఆధారాలను ఆల్బమ్‌తో ఇచ్చిన పుస్తికలోనే పేర్కొన్నారు. తనది కాని బతుకు గురించి రాసే కవి నుంచి నేను ఆశించేది ఈ శ్రద్ధనే; అతని ఆస్తి వివరాలతో నాకు పని లేదు.

అపోహ: డబ్బు గురించిన పాట హిట్టయితే దాని కర్తకు డబ్బు వచ్చి తీరుతుంది.

వాస్తవం: ఈ అపోహ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. గాయకుడు బారెట్ స్ట్రాంగ్ 1959లో డెట్రాయిట్‌లో పాడిన ‘మనీ’ మోటౌన్ రికార్డుల సంస్థకు తొలి హిట్ అయింది, 1963లో బీటిల్స్ కూడా దాన్ని రికార్డు చేశారు. కాపీరైట్ నమోదులో మొదట రచయితల్లో ఒకరిగా ఉన్న స్ట్రాంగ్ పేరును మూడేళ్ల తర్వాత తీసేశారు. 1987లో నమోదును పునరుద్ధరించినప్పుడు ఆ పేరు తిరిగి చేరి, మరుసటి ఏడాది మళ్లీ పోయింది. మొదట ఆయన పేరు చేర్చడమే గుమాస్తా పొరపాటని సంస్థ తరఫువారు వాదించారు. పేరు పోయిన సంగతి దశాబ్దాల తర్వాత గాని తనకు తెలియలేదని స్ట్రాంగ్ చెప్పారు, కానీ అంత ఆలస్యంగా వచ్చే హక్కు వాదనలను అమెరికా కోర్టులు సాధారణంగా అంగీకరించవు. డబ్బే కావాలని పాడిన మనిషికి ఆ పాట మీద రచయితగా హక్కు దక్కలేదు. మన దేశంలో 2012 నాటి కాపీరైట్ సవరణ తర్వాత సినిమా పాట రాసినవారూ బాణీ కట్టినవారూ తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకున్నట్టు సంతకం చేసినా అది చెల్లదు. ఈ సంగతి తెలియకుండానే సంతకాలు చేసే యువ రచయితలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉన్నారు.

అపోహ: డబ్బు మీద ఫిర్యాదు చేసే ప్రతి పాటా పేదల పక్షమే.

వాస్తవం: కాదు. 1966లో బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ రాసిన ‘ట్యాక్స్‌మ్యాన్’, బ్రిటన్‌లో అత్యధిక ఆదాయం మీద వేసిన పన్ను గురించి ఆ పన్ను కట్టవలసి వచ్చిన సంపన్నుడి ఫిర్యాదు. పాటగా అది గొప్పదే.

అపోహ: టికెట్ ధర గాయకుల చేతిలో ఉండదు.

వాస్తవం: పెద్ద గాయకుల విషయంలో ఉంటుంది. స్ప్రింగ్‌స్టీన్ తన పాటల హక్కులను 2021లో సోనీకి సుమారు 50 కోట్ల డాలర్లకు అమ్మినట్టు వార్తలు వచ్చాయి. ఆ అమ్మకంలో నాకు తప్పేమీ కనిపించదు, ఎందుకంటే అవి ఆయన రాసుకున్న పాటలు. అయితే 2022లో ఆయన కచేరీలకు గిరాకీని బట్టి ధర పెరిగే పద్ధతి పెట్టగా కొన్ని సీట్లు 5,000 డాలర్ల దాకా వెళ్లాయి. ఆ సొమ్ము టికెట్లను ఎక్కువ ధరకు తిరిగి అమ్మే దళారులకు పోయే బదులు వేదిక మీద చెమటోడ్చేవారికి ఎందుకు రాకూడదని ఆయన దాన్ని సమర్థించుకున్నారు. ఆ వాదన నాకు అర్థమవుతుంది కానీ, ఆ పాటల్లోని కూలీ ఆ ధరకు టికెట్ కొనలేడు కనుక దాన్ని ఒప్పుకోలేను. మరుసటి ఏడాదే, బ్రిటిష్ రాక్ బృందం ‘ద క్యూర్’ గాయకుడు రాబర్ట్ స్మిత్ ఆ పద్ధతిని తమ అమెరికా కచేరీలకు నిరాకరించి, కొన్ని టికెట్లను 20 డాలర్లకే ఉంచారు. టికెట్లు అమ్మే సంస్థ టికెట్‌మాస్టర్ వేసిన అదనపు రుసుములు టికెట్ ధరతో పోటీ పడుతున్నాయని ఆయన బహిరంగంగా నిలదీయడంతో, ఆ సంస్థ కొన్నవారికి 5 నుంచి 10 డాలర్ల వరకు తిరిగి ఇచ్చింది.