ఒక్క టీచరు, ఐదు తరగతులు: రిషివ్యాలీ పల్లె బడుల వెనక కథ

దేశంలోని బడుల మీద కేంద్రం ఏటా తీసే యూడైస్ లెక్కలు 2024-25వి బయటికొచ్చినప్పుడు చాలామంది షేర్ చేసిన అంకె ఒకటుంది. దేశంలో ఒకే టీచరుతో నడుస్తున్న బడులు లక్షకు పైనే, అందులో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని, దాదాపు 12,900, ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలి. ఆ చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎంత అమల్లో ఉందో ఈ అంకె చూస్తే తెలిసిపోతుంది.

ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఒకే గది, ఒకే టీచరు. మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే ఒకటో తరగతి వాళ్లు కొట్టుకుంటుంటారు, ఐదో తరగతి వాళ్లు ఎక్కం ఏదో పదిసార్లు రాసి కూర్చుంటారు, ఆ రోజు టీచరుకు మండలాఫీసులో మీటింగ్ ఉంటే బడికి తాళమే. దీనికి పరిష్కారం ఏమిటంటే అందరూ చెప్పేది ఒక్కటే, ఇంకో టీచరును వెయ్యండి అని. న్యాయమే. కానీ ఒక్క టీచరే ఉంటే బడి ఎలా నడపాలి అనే ప్రశ్నను సీరియస్‌గా తీసుకుని జవాబు వెతికిన చోటు మాత్రం మన రాయలసీమలోనే ఉంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అంటే అందరికీ గుర్తొచ్చేది జిడ్డు కృష్ణమూర్తి, లక్షల్లో ఫీజుండే రెసిడెన్షియల్ స్కూలు. ఆయన పుట్టింది మదనపల్లెలోనే, 1895లో. 1920ల్లో తెట్టు ఊరికి దగ్గర్లో కొండల మధ్య ఆ స్థలం ఎంచుకున్నారు. అప్పట్లో అది దాదాపు బోడి నేల, ఇప్పుడున్న పచ్చదనం తర్వాత పెంచిందే. సరే, లోపల దేశంలోని పెద్ద ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు చదువుకుంటుంటే గేటు బయట పల్లెల్లో పిల్లలు మేకలు కాసుకుంటున్నారు. ఈ తేడా అక్కడివాళ్లను కూడా ఇబ్బంది పెట్టినట్టుంది, రూరల్ ఎడ్యుకేషన్ సెంటర్ అని ఒకటి పెట్టి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడం మొదలుపెట్టారు. 1980ల్లో అది ఊళ్లలోకే వెళ్లింది, శాటిలైట్ స్కూళ్ల పేరుతో డజనుకు అటూ ఇటూగా చిన్న బడులు లేచాయి. ఒక గది, చిన్న తోట, ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండే యువతీయువకుల్లోంచి ఎంచుకుని ట్రైనింగ్ ఇచ్చిన ఒక టీచరు.

అక్కడే అసలు చిక్కొచ్చింది. అది వాన మీద బతికే కరువు ప్రాంతం. వేరుశనగ పీకే రోజుల్లో పిల్లలు వారాల తరబడి బడికి రారు. తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో పోయి ఉంటుంది, రెండు మూడు సార్లు అలా జరిగాక పిల్లాడు అసలే మానేస్తాడు. 1980ల చివర్లో ఈ పనిలోకి వచ్చిన పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని పక్కనపెట్టి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కార్డుల మీదికి ఎక్కించారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఒక్కో మెట్టు మీద ఒక నంబరు, ఒక గుర్తు. బడికి రాగానే ఆ పిల్ల తను చివరిసారి ఎక్కడ ఆగిందో నిచ్చెనలో చూసుకుంటుంది, పక్క మెట్టుకున్న గుర్తు ట్రేలో వెతికి ఆ కార్డు తీసుకుంటుంది. టీచరుతో కలిసి చేసే పనా, తోటి పిల్లలతో చేసేదా, సొంతంగా చేసుకునేదా అన్నదాన్ని బట్టి వెళ్లి ఆ గుంపులో కూర్చుంటుంది. గోడ కింది భాగమంతా నల్లబల్లే, ఒక్కొక్కరికీ కొంచెం జాగా. పదిహేను రోజులు రాకపోయినా కొంపేం మునగదు, వదిలిన మెట్టు దగ్గర్నుంచే ఎక్కొచ్చు. కథలు, పాటలు ఆ ఊళ్ల నుంచే, తల్లుల నోటి నుంచే తీసుకున్నారు.

1990ల మొదట్లో ఈ కార్డులన్నీ కలిపి ఒక కిట్‌గా తయారుచేశారు, స్కూల్ ఇన్ ఎ బాక్స్ అన్నారు దాన్ని. పెట్టె తీసుకెళ్తే ఎక్కడైనా బడి పెట్టేయొచ్చన్నమాట. వినడానికి బాగుంటుంది గానీ నా ఉద్దేశంలో ఆ పేరే కొంత చెరుపు చేసింది, పెట్టె కొంటే చాలనిపించింది చాలామందికి.

ముందు అందుకున్నది కర్ణాటక. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్లి, 1995లో యూనిసెఫ్ సాయంతో నలికలి (ఆనందంగా నేర్చుకో అని అర్థం) మొదలుపెట్టారు. అక్షరాలు కూడా అ, ఆలతో కాదు, ర, గ, స, ద, అ అంటూ రాయడానికి తేలికైన వాటితో మొదలు. తర్వాత తమిళనాడు. ఎం.పి. విజయకుమార్ అనే ఐఏఎస్ అధికారి చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్నప్పుడు 2003లో 13 బడుల్లో ప్రయత్నించి, ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్‌లోకి వెళ్లి, 2007-08 కల్లా రాష్ట్రంలో 37 వేల పైచిలుకు బడులకు తీసుకెళ్లారు. పేరు ఏబీఎల్, అంటే యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్. గుజరాత్‌లో ఇదే తరహాలో ప్రజ్ఞ వచ్చింది.

మన దగ్గర? స్నేహబాల కార్డులని ఒకటో, రెండో తరగతులకు వచ్చాయి, గుర్తున్న టీచర్లు ఇప్పటికీ ఉంటారు. నిలబడలేదు. తమిళనాడులో కూడా 2022లో చిన్న తరగతులకు ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ అని వేరే పథకం వచ్చింది. కార్డు చిరిగిపోతే కొత్తది ఎవరిస్తారు, సిలబస్ మారితే నిచ్చెన ఎవరు మారుస్తారు, బదిలీ మీద వచ్చిన టీచరుకు మళ్లీ ఎవరు నేర్పిస్తారు? పది పన్నెండు బడులున్న చోట వీటన్నిటికీ మనుషులున్నారు, వేల బడులకు జీవోలే ఉన్నాయి. పైగా తనిఖీకి వచ్చిన అధికారికి ఎన్నో పాఠంలో ఉన్నారో ఒక్క మాటలో జవాబు కావాలి, ఇక్కడేమో పాతిక మంది పాతిక మెట్ల మీద ఉంటారు.

ఇంకోటి, తల్లిదండ్రుల సంగతి. ఊళ్లోకి ప్రైవేటు స్కూలు బస్సు వచ్చాక టై, బూట్లు, ఇంగ్లిష్ మీడియం ఒకవైపు, నేల మీద కూర్చుని కార్డులు ఏరుకునే తెలుగు బడి ఒకవైపు. అప్పు చేసైనా పిల్లల్ని బస్సెక్కిస్తున్నారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక, ఎందుకంటే ఆ మాట అనేవాళ్ల పిల్లలెవరూ ఏకోపాధ్యాయ బడిలో ఉండరు. పిల్లలు తగ్గేకొద్దీ ఇద్దరున్న చోట ఒక్క టీచరే మిగులుతారు, ఒక్కరే ఉన్నారని మిగిలినవాళ్లూ వెళ్తారు. 2022లో ఆంధ్రలో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో జరిగిన గొడవకు ఒక కారణం ఇదే.

డబ్బు మాటకొస్తే, ఇలాంటి బడుల్లో ఫీజు లేదు కాబట్టి ప్రతి రూపాయీ విరాళాల నుంచో గ్రాంట్ల నుంచో రావాలి. భవనానికి, కంప్యూటర్లకు ఇచ్చే దాతలు దొరుకుతారు, వాళ్ల పేరు రాయడానికి గోడ ఉంటుంది కదా. టీచరు నెల జీతానికి ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి, అదీ ఏటా. నిచ్చెన పద్ధతి అంతా ఆ ఒక్క టీచరు మీదే నిలబడి ఉంది మరి.