గోడకు రంగు: అపోహలు, వాస్తవాలు

ఇళ్ల లోపలి అలంకరణ నా వృత్తి. రంగుల మాట రాగానే ఇంటివాళ్ల దగ్గర ఏవో సూత్రాలు సిద్ధంగా ఉంటాయి. చాలావాటి అడుగున ఉండే నమ్మకం ఒకటే: రంగు డబ్బాలో ఉంటుందని. డబ్బాలో ఉండేది పెయింటు. అది ఏ రంగుగా కనిపించాలో గదిలోని వెలుతురు, చుట్టూ ఉన్న వస్తువులు, గోడ నునుపు కలిసి తేలుస్తాయి.

అపోహ: షేడ్ కార్డులో నచ్చితే గోడ మీదా నచ్చుతుంది

ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. కార్డు మీద ఉండేది అంగుళమో రెండంగుళాలో ముక్క, చుట్టూ తెల్ల కాగితం. గదిలో అయితే నాలుగు గోడలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. ఒక గోడ మీద పడిన వెలుతురు దాని రంగు పులుముకొని ఎదుటి గోడకు చేరుతుంది, అక్కడ మరికాస్త చిక్కబడి వెనక్కి వస్తుంది. కార్డులో ముచ్చటగా ఉన్న లేత పసుపు గదంతా పరుచుకున్నాక కళ్లకు గుచ్చుకునేది ఇందుకే. పసుపు వేసిన గదిలో మూల దగ్గర నిలబడి చూడండి. రెండు గోడలు కలిసే చోట రంగు గోడ మధ్యలో కంటే గాఢంగా ఉంటుంది. అక్కడ వేరే పెయింటు ఎవరూ వేయలేదు. పసుపు, గులాబీ, ఆకుపచ్చల్లో నేనైతే మనసు పడ్డ షేడ్ కంటే ఒక మెట్టు బూడిద కలిసినదాన్ని ఎంచుకోమంటాను. కార్డు మీద అది కాస్త నీరసంగానే కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

నమూనా కోసం పాత గోడ మీద బ్రష్షుతో నాలుగు గీతలు గీసి చూడటం దండగ. చుట్టూ ఉన్న పాత రంగు కొత్తదాన్ని మార్చి చూపిస్తుంది. రెండడుగుల అట్ట గానీ ప్లైవుడ్ ముక్క గానీ తీసుకుని, ప్రైమర్ మీద రెండు కోట్లు వేసి, అంచుల్లో నాలుగు వేళ్ల వెడల్పున తెలుపు వదలండి. ఆరాక దాన్ని కిటికీ పక్కన, మూలలో, సోఫా వెనక నిలబెట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి. ఆరాకే ఎందుకంటే, ఎమల్షన్‌ (నీళ్లతో కలిపే గోడ పెయింటు)లో రంగుపొడిని గోడకు పట్టి ఉంచే జిగురు, బైండరు, తడిగా ఉన్నప్పుడు తెల్లగా, మబ్బుగా ఉంటుంది. ఆరితే పారదర్శకమవుతుంది, షేడ్ ముదురుతుంది. మొదటి కోటు తడి చూసి ‘మేం చెప్పిన రంగు ఇది కాదు’ అని పెయింటర్ మీద విరుచుకుపడేవాళ్లు కాసేపు ఆగితే మేలు.

అపోహ: పగలు కుదిరిన రంగు రాత్రీ కుదురుతుంది

బల్బు కాంతి ఛాయను కెల్విన్‌లలో చెబుతారు. 2700 కెల్విన్ బల్బు కాంతి పసుపు వైపు మొగ్గుతుంది, 6500 కెల్విన్‌ది నీలం వైపు. మొదటిదాని కింద లేత నీలం గోడ మాసినట్టు ఉంటుంది, రెండోదాని కింద ఇటుక రంగు గోడ కళ తప్పుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు కిటికీ గదికి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ రాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురే దిక్కు. దక్షిణార్ధగోళంలో ఇది తిరగబడుతుంది.

ఇంకో చిక్కు పేరు మెటామెరిజం. కర్టెన్ గుడ్డకు అద్దిన రంగూ గోడ పెయింటూ వేర్వేరు పదార్థాలతో తయారైనవి. ఒక వెలుతురులో అచ్చుగుద్దినట్టు కలిసి, మరో వెలుతురులో విడిపోతాయి. దుకాణంలో ట్యూబులైటు కింద జత కుదిరిన గుడ్డ ఇంట్లో సాయంత్రానికి ఆకుపచ్చ తిరగవచ్చు. అందుకే ముందు బల్బులు ఖాయం చేయండి, రంగు తర్వాత. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 గానీ అంతకు మించి గానీ ఉంటే రంగులు సహజంగా కనిపిస్తాయి. 80 ఉన్నవాటి కింద ఎరుపులు తరచూ చప్పబడతాయి.

అపోహ: చిన్న గదికి తెలుపు తప్ప గతి లేదు

సగం నిజం. పెయింటు కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. గోడ ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో అది 0 నుంచి 100 లోపు చెబుతుంది. తెలుపులు సాధారణంగా 80 పైన ఉంటాయి. కానీ తిప్పి పంపాలంటే ముందు వెలుతురు అంటూ రావాలి కదా! కిటికీ లేని నడవాలో తెల్లగోడ ఉతకని దుప్పటిలా ఉంటుంది. అలాంటి చోట ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో వేసి, సీలింగుకు, తలుపు చట్రాలకు కూడా అదే వేయిస్తే అంచులు చెరిగిపోతాయి. గోడ ఎక్కడ ఆగిందో కంటికి వెంటనే అందదు. లైట్లు మాత్రం ఎక్కువే కావాలి. మంచి కిటికీ ఉన్న చిన్న గదికైతే తెలుపే వేయించుకోండి, నేను అడ్డు చెప్పను.

అపోహ: నీలం శాంతం, ఎరుపు ఆవేశం

1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ నిర్బంధ కేంద్రంలో ఒక గదికి గులాబీ రంగు వేసి, ఖైదీల దూకుడు తగ్గిందని చెప్పారు. అక్కడి ఇద్దరు అధికారుల పేర్లతో ఆ షేడ్ బేకర్-మిల్లర్ పింక్ అయింది. తర్వాత కట్టుదిట్టంగా చేసిన పరీక్షల్లో ఆ ప్రభావం నిలబడలేదు. భావాల మీద ఏ రంగు అన్నదానికంటే ఎంత లేత, ఎంత గాఢం అన్నవే బలంగా పనిచేస్తాయని 1994లో వాల్డెజ్, మెహ్రాబియన్ అనే పరిశోధకులు చూపించారు. నా అనుభవమూ అదే. బూడిద కలిసిన ఎరుపు గదిలో హాయిగా నిద్రపోయేవాళ్లున్నారు. కొట్టొచ్చినట్టుండే నీలం గదిలో పది నిమిషాలు కూర్చోలేనివాళ్లూ ఉన్నారు.

అపోహ: బూడిద రంగు దేనితోనైనా కలిసిపోతుంది

పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో 1824 నుంచి అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగులు నలుపును అలా చూపిస్తున్నాయి. ఈ పరిశీలనలను ఆయన 1839లో పుస్తకంగా ప్రచురించారు. మీ బూడిద సోఫాకూ అదే వర్తిస్తుంది: ఎర్రని గోడ ముందు ఆకుపచ్చ వైపు, ఆకుపచ్చ గోడ ముందు గులాబీ వైపు మొగ్గుతుంది. ఎవరితోనూ పేచీ పెట్టుకోదనుకున్న రంగే అన్నిటికన్నా ముందు మాట మారుస్తుంది.

అపోహ: 60-30-10 లెక్క తప్పకూడదు

గదిలో 60 శాతం ప్రధాన రంగు, 30 శాతం రెండో రంగు, 10 శాతం మెరుపుకోసం మూడో రంగు అనే లెక్క ఇది. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. చాలామంది ఆ లెక్కలో నేలను, తలుపుల చెక్కను మరచిపోతారు. అవీ రంగులే, మార్చడం కష్టమైనవీ అవే.

అపోహ: కోడ్ ఒకటైతే రంగూ ఒకటే

ఒకే కోడ్‌తో వేర్వేరు రోజుల్లో కలిపిన డబ్బాల మధ్య చిన్న తేడా రావచ్చు. ఒకే గోడ మధ్యలో డబ్బా మారితే అది గీత గీసినట్టు తెలుస్తుంది. అన్ని డబ్బాలనూ పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. ఫినిష్‌తోనూ, అంటే ఆరాక గోడకు ఉండే మెరుపుతోనూ, తేడా వస్తుంది: మెరుపు లేని మాట్‌లో వేసిన కోడ్‌నే మెరిసే ఫినిష్‌లో వేస్తే ముదురుగా కనిపిస్తుంది, పైగా గోడలోని ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. పుట్టీ పని సరిగా జరగని గోడకు మెరుపు వద్దు.

మిగిలిన డబ్బా మీద కోడ్, బ్యాచ్ నంబరు, ఫినిష్, ఏ గదిదో రాసిపెట్టండి. కొన్నేళ్లయ్యాక మరక మీద అదే పెయింటు వేసినా అతుకులా కనిపించవచ్చు, ఈలోగా గోడ వెలిసి ఉంటుంది. అప్పుడు మరక వరకే కాకుండా మూల నుంచి మూల దాకా ఆ గోడంతా వేయించండి.